పిక్‌హా అక్క – పుదీనా వ్యవహారం

తైనాన్‌లో మా సందుకి రెండు మొగలు. ఒకటి బజారు వైపు తెరుచుకుంటుంది, రెండోది కాలవ వైపు. రెంటినీ కలుపుతూ మధ్యలో లూ పిక్‌హా అక్క దుకాణం ఉంది. ముందుగదిలో ఆమె జనానికి పేర్ల ముద్రలు చెక్కుతుంది, తాళంచెవులు కోస్తుంది. వెనకగదిలో రాక్షసుల్ని చంపుతుంది.

అరవై దాటిన మనిషి రాక్షసుల్ని చంపడం గురించి మా బజారులో ఎవరూ ఆశ్చర్యపడరు. ఆశ్చర్యపడవలసిన వాళ్ళందరూ ఆమె దళంలోనే ఉన్నారు. ఆ ఆట పేరు ‘మేఘాల కోట’. పాతిక మంది ఒక సంఘంగా చేరి, ఆకాశంలో వేలాడే కోట మీద దండెత్తుతారు. మా సంఘం దండయాత్రలు చాంద్రమాసంలో విదియనాడూ, పదహారో నాడూ, సాయంత్రం పూట జరుగుతాయి. ఆ రెండు రోజులూ వ్యాపారులు దుకాణం ముందు బల్ల వేసి దేవుడికి నైవేద్యం పెట్టే రోజులు. పూజ అయ్యాక బిస్కట్లు, పళ్ళు, శీతల పానీయాలు ఎలాగూ మిగులుతాయి. యుద్ధానికి అంతకన్నా సిద్ధంగా ఏ సైన్యం ఉండగలదు?

సంఘం పేరు ‘తొందరేం లేదు’. ట్రే పట్టుకుని పరిగెత్తేవాణ్ణి చూసినా, రసీదు కోసం జేబులు తడుముకునేవాణ్ణి చూసినా మేం అనే మాటే అది. అక్క సంఘానికి నాయకురాలు. యుద్ధంలో ఆమె వైద్యం చూస్తుంది. ఉపనాయకుడు హియోంగ్. బజారులో చేప ఉండల కొట్టు అతనిది. కాలవ వైపు కాపురం. చేతులు చురుకు, నోరు ఇంకా చురుకు. సంఘం వరసగా ఓడిపోవడానికి ఆ పేరే కారణమని అతని సిద్ధాంతం. పేరు కాకపోతే బూన్ అన్న.

బూన్ అన్న ఒకప్పుడు మా బజారులోనే ఉప్పుచేపలు అమ్మేవాడు. మోకాళ్ళు మొరాయించాక ఫెంగ్‌హూ దీవుల్లో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయాడు. ఇప్పుడు మాకూ ఆయనకూ మధ్య సముద్రం, ఆ సముద్రం మీద వంతెనలా ఈ ఆట. డాలు పట్టుకుని ముందు వరసలో నిలబడటం ఆయన పని. వేళ్ళకి కీళ్ళవాతం. ఆయన డాలు ఎత్తేసరికి రాక్షసుడు తినవలసిన వాళ్ళని తిని, చెయ్యి కడుక్కుని, మూతి తుడుచుకుంటూ ఉంటాడు.

"అక్కా, బూన్ అన్నని తీసేద్దాం," అని హియోంగ్ నెలకి రెండుసార్లు, ఓడిన వెంటనే, ప్రతిపాదించేవాడు.

"తీసేసి?"

"గెలుద్దాం."

"గెలిచి?"

సభ్యుణ్ణి తీసే అధికారం నాయకురాలిదే కనక, చర్చ అక్కడితో ఆగేది. అయితే మా రాజ్యాంగంలో ఇంకో నిబంధన కూడా ఉంది. నాయకుడు వరసగా రెండు దండయాత్రలకి రాకపోతే నాయకత్వం ఉపనాయకుడిది అవుతుంది. మునుపటి నాయకుడు చెప్పాపెట్టకుండా ప్రేమలో పడి మాయమైనప్పుడు, పట్టుబట్టి ఆ నిబంధన రాయించింది పిక్‌హా అక్కే.

తొమ్మిదో నెల మొదట్లో ఆమె ఆట తెరిస్తే కోటకి బదులు ఒక ప్రకటన కనిపించింది. ఇకమీదట పాత విండోస్ మీద ఈ ఆట నడవదు, కొత్తది వేసుకోగలరు, అని అందులోని సారాంశం. కొత్తది వేసుకోబోతే, మీ యంత్రానికి ఆ యోగ్యత లేదని అది మర్యాదగా చెప్పింది. అప్పటికి విదియ రానే వచ్చింది. మిగతా కంప్యూటర్లున్న వాళ్ళందరూ అదే యుద్ధంలో ఉన్నారు. బజారు మూల ఉండే ఆటల నెట్ కొట్టు ఎప్పుడో మూతబడి, బొమ్మల్ని కొక్కెంతో పట్టుకునే యంత్రాల కొట్టుగా మారిపోయింది. ఆ విదియ దండయాత్ర వైద్యురాలు లేకుండానే జరిగింది. దాని ఫలితం గురించి చెప్పకపోవడమే మృతులకి మర్యాద.

మర్నాడు పొద్దున్నే హియోంగ్ పరామర్శకి వచ్చాడు. ముఖంలో విచారం పెట్టుకోవడానికి చాలా కష్టపడ్డాడు.

"కొత్త కంప్యూటరు కొనేసుకో అక్కా. లేదా, నీకూ వయసు వచ్చింది, విశ్రాంతి తీసుకో. సంఘం సంగతి నేను చూసుకుంటా."

"నువ్వు చూసుకుంటే బూన్ అన్న ఎన్నాళ్ళుంటాడు?"

"పదహారో నాటి సాయంత్రం దాకా ఉంటాడు."

"తాళం బాగానే ఉందయ్యా. చెవి అరిగింది, అంతే. చెవి కొత్తది కోసుకుంటే సరిపోయేదానికి తలుపు పీకించమంటావేంటి?" అంది అక్క. అతను వెళ్ళాక ఒక ముద్ర చెక్కబోయి, అక్షరాన్ని సరైన వైపుకే చెక్కేసింది. ముద్రలో అక్షరం తిరగబడి ఉండాలి. ఇన్నేళ్ళలో అలాంటి పొరపాటు ఆమె చెయ్యలేదు. అప్పుడు తెలిసింది మాకు, సంగతి ఎంత తీవ్రంగా ఉందో.

ఆ ముద్ర చేయించుకోవడానికి వచ్చింది ఫువాన్ అనే అమ్మాయి. మా పేట గ్రంథాలయంలో ఉద్యోగం. తన పేరు తిరగేసి అచ్చుపడటం చూసి, కోప్పడకుండా కారణం అడిగింది.

"లినక్స్ పెట్టుకోండి పిన్నీ," అంది అంతా విని.

"అదేం మందు?"

"మందు కాదు. విండోస్ బదులు. పాత కంప్యూటరు మీద కూడా శుభ్రంగా నడుస్తుంది. డబ్బు కూడా కట్టక్కర్లేదు."

"ఊరికే ఇస్తున్నారంటే ఏదో రోగం ఉండే ఉంటుంది."

"రోగం లేదు. రకాలు మాత్రం ఎక్కువ."

"ఎన్నుంటాయేంటి?"

"తయారుచేసేవాళ్ళకే లెక్క తెలీదు పిన్నీ. ఒకళ్ళు చేసింది ఇంకొకళ్ళకి నచ్చకపోతే, దాన్నే కాస్త మార్చి ఇంకో పేరు పెడతారు."

"మన గుళ్ళ కమిటీల్లాగన్నమాట," అంది అక్క, వెంటనే అర్థం చేసుకుని.

ఫువాన్ ముందుగా రెండు సంగతులు చూసింది. మొదటిది, ఆటలో దొంగాట ఆడేవాళ్ళని పట్టే కాపలాదారు ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. కొన్ని ఆటల్లో అది లినక్స్ నుంచి వచ్చినవాళ్ళని గుమ్మంలోనే ఆపేస్తుంది. అలా ఆపితే ఏ రకం లినక్స్ పెట్టినా లాభం లేదు. ‘మేఘాల కోట’ కాపలాదారు రానిస్తాడని ఆడేవాళ్ళు రాశారు. రెండోది, విండోస్ కోసం రాసిన ఆటకి లినక్స్ భాష రాదు కనక మధ్యలో ఒక దుబాసీ ఉండాలి. ఆ దుబాసీ ఆటలమ్మే దుకాణం ప్రోగ్రాంతోపాటే వస్తాడు. చేయవలసిందల్లా అతన్ని పనిలోకి రమ్మని ఒక గడిలో టిక్కు పెట్టడమే.

ఇక మిగిలింది రకం ఎంచుకోవడం. ఇక్కడే మా సందు మేధస్సంతా రంగంలోకి దిగింది.

ఫువాన్ మూడు పేర్లు చెప్పింది. మింట్, నోబారా, బజ్జైట్. మొదటిది పుదీనా. రెండోది జపాను మాట, అడవిగులాబీ అని అర్థం. మూడోది ఏదో అరుదైన నీలిరాయి పేరట. పుదీనా, గులాబీ, నీలిరాయి అని సందులో వాడుక స్థిరపడిపోయింది. అక్క దుకాణంలో జరిగింది అచ్చం పెళ్ళిచూపుల చర్చే.

"నీలిరాయి ఆటల కోసమే పుట్టింది పిన్నీ. టీవీ ముందు పెట్టుకుని ఆడే యంత్రంలా తెరుచుకుంటుంది. లోపలి సామాను మనం చెయ్యిపెట్టి చెడగొడదామన్నా చెడదు."

"నన్ను నమ్మదన్నమాట. తాళాలవాళ్ళని నమ్మనివాళ్ళతో నాకు పడదు. రెండోది?"

"గులాబీలో ఆటలకి కావలసినవి చాలావరకు ముందే సర్దేసి ఉంటాయి."

"ఎవరు సర్దారు?"

"ఎవరో పెద్దమనిషి. తన ఇంట్లోవాళ్ళ కోసం మొదలుపెట్టాట్ట."

"మంచి కుటుంబమే. పుదీనా?"

"పుదీనా ఆటల కోసమే చేసింది కాదు, కానీ కొత్తవాళ్ళకి సుఖం. మీకు అలవాటైన తీరులోనే కింద పట్టీ ఉంటుంది, మూల మెనూ ఉంటుంది. తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డుకి ఏ డ్రైవరు కావాలో అదే చూపిస్తుంది. ఎక్కడైనా ఇరుక్కుంటే అడగడానికి బోలెడుమంది జనం."

ఈ మాటలన్నీ తలుపు దగ్గర నిలబడి విన్న ఆంగ్ మాస్టారు గొంతు సవరించుకున్నారు. ఆయన లెక్కల మాస్టారుగా పనిచేసి దిగిపోయారు. పనిలోంచి దిగారు గాని బోర్డు ముందు నుంచి ఇంకా దిగలేదు.

"ఇవన్నీ ఎవరో వండి పెట్టినవి," అన్నారు. "ఆర్చ్ అని ఒకటుంది. ఒక్కొక్క ముక్కా మనమే చదివి, అర్థం చేసుకుని, మనమే కూర్చుకోవాలి. అప్పుడుగాని యంత్రం మనదవదు."

"మీరు కూర్చుకున్నారా మాస్టారూ?"

"చదువుతున్నాను."

"ఎప్పట్నుంచి?"

మాస్టారు వీధిలోకి చూశారు. ఆర్చ్ సంబంధం అక్కడితో తప్పిపోయింది.

ఫువాన్ మూడింటినీ పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించి తెచ్చింది. లోపలున్నది చెరపకుండానే, పెన్‌డ్రైవు మీదనుంచే తెరిచి చూసుకునే వీలుందట. మొదలుపెట్టేవాళ్ళెవరైనా చేయవలసిన మొదటి పని అదేనని చెప్పింది. మూడూ తెరిచి చూశారు. తెర వెలిగింది, శబ్దం వచ్చింది, నెట్ అందింది. మూడింటిలోనూ. ఏ ఒక్కటైనా మొరాయించి ఉంటే మానవ బుద్ధి సరిపోయేది. మూడూ బాగానే ఉండటంతో మానవ బుద్ధి చేతులెత్తేసింది.

"మూడూ మంచివే పిన్నీ. నేనైతే పుదీనా అంటాను. ఏదో ఒకటి పెట్టేసుకోండి."

"ఏదో ఒకటి అని నీ మొగుణ్ణి ఎంచుకున్నావా?"

"ఎంచుకోలేదు కనకే ఇంకా పెళ్ళి కాలేదు."

"అదీ! నేలతాతని అడుగుదాం," అంది అక్క.

మా దగ్గర ప్రతి పేటకీ ఒక నేలతాత ఉంటాడు. తెల్లగడ్డం, బోసినవ్వు, చేతిలో బంగారు కడ్డీ. తన పేట హద్దుల్లో జరిగే సమస్త వ్యవహారాలూ ఆయనవి. అడిగే పద్ధతి చంటిపిల్లలకి కూడా తెలుసు. పేరు, చిరునామా, పుట్టినరోజు చెప్పుకుని, ఔనో కాదో తేలే ప్రశ్న ఒకటి అడిగి, చంద్రవంకలాంటి జంట చెక్కలు నేలమీద వెయ్యాలి. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడితే ఔను. రెండూ బోర్లా పడితే కాదు. రెండూ వెల్లకిలా పడితే తాత నవ్వుతున్నాడని. వరసగా మూడు ఔన్లు వస్తేనే సమ్మతి.

సాఫ్ట్‌వేరు నేలతాత శాఖ కిందికి వస్తుందా అని సందులో కాస్త తర్జనభర్జన జరిగింది. ఆటలు గనక, మిఠాయిలూ బొమ్మలూ ఇష్టపడే బాలదేవుడు మూడో రాకుమారుడి దగ్గరికి వెళ్ళాలని కొందరన్నారు. కంప్యూటరు కూర్చున్నది నేల మీదే కనక నేలతాతే సరైన అధికారి అని ఆంగ్ మాస్టారు తీర్పు చెప్పారు.

బజారుపేట గుడికి వెళ్ళి అక్క నీలిరాయి గురించి అడిగింది. నవ్వు. గులాబీ గురించి అడిగింది. నవ్వు. పుదీనా గురించి అడిగింది. తాత మళ్ళీ నవ్వాడు. ప్రశ్న మార్చి, అసలు లినక్స్ పెట్టుకోనా వద్దా అంది. నవ్వే.

"ఇంత హాస్యప్రియుడని నాకు తెలీదు," అంది అక్క, చెమట తుడుచుకుంటూ.

మాస్టారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. "కంప్యూటరు ఏ గదిలో ఉంది?"

"వెనకగదిలో."

"వెనకగది గుమ్మం ఎటు?"

"కాలవ వైపు."

"మీ పన్ను కాగితం ఎటునుంచి వస్తుంది?"

"బజారు వైపు నుంచి."

"చెత్తబండి పాట?"

అక్క చేతిలో చెక్కలు అలాగే ఉండిపోయాయి. "కాలవ వైపు నుంచి," అంది నెమ్మదిగా.

"హద్దు మీ వంటింటి గోడ మీదుగా పోతుంది అమ్మా. మీరు బజారుపేట మనిషి. మీ కంప్యూటరు కాలవపేటది. ఈయన పాపం తన పేట కాని వ్యవహారంలో ఏమని చెప్తాడు? నవ్వి ఊరుకున్నాడు."

ఇన్నేళ్ళూ ఆ కంప్యూటరు బాగుండాలని బజారుపేట తాతకి పెట్టిన నైవేద్యాలన్నీ అక్కకి కళ్ళముందు తిరిగాయి. పోనీ కంప్యూటరునే ముందుగదిలోకి తెచ్చుకుందామంటే, కాలవపేటలో కాపురముండి పెరిగిన వస్తువుని రాత్రికి రాత్రి చిరునామా మార్చి ఇంకో దేవుడి ముందు నిలబెట్టడం పద్ధతి కాదన్నారు మాస్టారు. కాలవపేట గుడికే వెళ్ళాలి.

అక్కడే ఉంది చిక్కు. గుడి పనులు చూసే ధూపపెద్దని ఏటా తాతే చెక్కల ద్వారా ఎంచుకుంటాడు. ఆ ఏడు కాలవపేట తాత ఎంచుకున్నది హియోంగ్‌ని.

"ఆ చేప ఉండలవాడి దగ్గరికి నేను పోవాలా? సంఘం నాయకత్వం వాడికి దక్కకుండా చూడమని వాడి గుళ్ళోనే అడగాలా?"

"దేవుడి దగ్గరికి పోతున్నారు పిన్నీ, వాడి దగ్గరికి కాదు," అంది ఫువాన్.

పదిహేనో నాడు పొద్దున అక్క వెళ్ళింది. సంచిలో అరటిపళ్ళు, బిస్కట్లు, ముఖంలో గాంభీర్యం. వెనక మాస్టారు, ఫువాన్, దుకాణాలు కట్టేసి వచ్చిన మేము. హియోంగ్ ధూపపెద్ద పసుపు కండువా వేసుకుని గుడి మెట్లు తుడుస్తున్నాడు.

"ఏంటక్కా, దారి తప్పావా?"

"నా కంప్యూటరు మీ తాత మనిషట. ఈమధ్యే తెలిసింది."

విషయం విని అతను తుడవడం ఆపాడు. గుడి గుమ్మంలో నిలబడి వచ్చిన భక్తురాలిని పొమ్మనే ధైర్యం ఏ ధూపపెద్దకీ లేదు. పైగా కాలవపేట గుడిలో ఒక ప్రత్యేకమైన ఆచారం ఉంది. తరాలుగా టపాకాయల చప్పుడు విని విని ఆ తాతకి కాస్త చెవుడు వచ్చిందని పేటవాళ్ళ నమ్మకం. అందుకని భక్తులు చెప్పుకున్నదాన్ని ధూపపెద్ద పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, ముక్క ముక్కా గట్టిగా తిరిగి చెప్పాలి.

అక్క ధూపం వెలిగించి మొదలుపెట్టింది. "తాతా, నేను లూ పిక్‌హాని. కుందేలు సంవత్సరంలో పుట్టాను."

"లూ పిక్‌హా! కుందేలు సంవత్సరం!" అరిచాడు హియోంగ్.

"బజారు సందులో ముద్రల కొట్టు నాది. వెనకగదిలో కంప్యూటరు మాత్రం నీది."

"వెనకగదిలో కంప్యూటరు నీది తాతా!"

"దానికి పుదీనా పెట్టుకుని, రేపటి దండయాత్రకి నేను అందుకుని, బూన్ అన్నని సంఘంలోంచి ఎవరూ వెళ్ళగొట్టకుండా చూసుకోవడం నీకు సమ్మతమేనా?"

"దానికి పుదీనా పెట్టుకుని, రేపటి దండయాత్రకి అందుకుని..." హియోంగ్ ఆగాడు. గొంతు తగ్గించి, "అక్కా, ఆ చివరి ముక్క అవసరమా?" అన్నాడు.

"కారణం దాచిపెట్టి దేవుణ్ణి అడుగుతారా ఎవరైనా?"

"పుదీనా సంగతి అడగడానికి వచ్చావు, పుదీనా సంగతి అడుగు."

"నువ్వు చెప్తావా, నన్నే అరవమంటావా? నా గొంతు బజారు దాకా వినపడుతుంది."

కాలవ గట్టున కూరలు ఏరుకుంటున్న ఆడవాళ్ళు అప్పటికే చేతులు ఆపి చూస్తున్నారు. వాళ్ళలో సగంమంది బూన్ అన్న దగ్గర ఉప్పుచేపలు కొన్నవాళ్ళే. హియోంగ్ తాత ముఖంలోకి చూశాడు. తాత ఎప్పట్లాగే బోసినవ్వు నవ్వుతున్నాడు.

"...బూన్ అన్నని సంఘంలోంచి ఎవరూ వెళ్ళగొట్టకుండా చూసుకోవడం నీకు సమ్మతమేనా తాతా!" అని అరిచాడు, కండువా సరిచేసుకుంటూ.

"ఏ బూన్? మన ఉప్పుచేపల బూనేనా? ఎవడు వెళ్ళగొడుతున్నాడు?" అని అడిగింది గట్టు మీదనుంచి ఒకావిడ.

హియోంగ్ చెవులు ఎర్రబడ్డాయి.

అక్క చెక్కలు వేసింది. ఔను. మళ్ళీ వేసింది. ఔను. మూడోసారి ఒక చెక్క వెంటనే బోర్లా పడింది. రెండోది దొర్లుకుంటూ పూజబల్ల కిందికి పోయింది. అందరం నేలమీదికి వంగాం. అన్నిటికన్నా ముందు వంగింది హియోంగ్. కాసేపు అతను లేవలేదు.

"ఎలా పడింది?" అంది అక్క.

"వెల్లకిలా," అన్నాడు బల్ల కిందనుంచి.

మూడు ఔన్లు. అక్క సాష్టాంగపడి లేచింది. హియోంగ్ మోకాళ్ళు దులుపుకుని, "సరే, పుదీనాకి ఔనన్నాడు. పెట్టుకో. బూన్ అన్న సంగతి వేరు," అన్నాడు.

ఆంగ్ మాస్టారు ఈ క్షణం కోసమే ఇన్నేళ్ళు పాఠాలు చెప్పినట్టు ముందుకు వచ్చారు. "వేరెలా అవుతుంది నాయనా? ప్రశ్న ఒకటే. మూడు ముక్కల్ని కలిపి అడిగారు. కలిపిన వాక్యం నిజం కావాలంటే ప్రతి ముక్కా నిజం కావాలి. ఒక్క ముక్క తప్పయినా జవాబు కాదు అని రావాలి. ఔనని వచ్చింది. అది కూడా మూడుసార్లు."

"రెండు సంగతులు కలిపి అడగకూడదనేగా పద్ధతి!"

"అడగకూడదు. అడిగినప్పుడు ధూపపెద్ద ఆపాలి. నువ్వు ఆపకపోగా గట్టిగా అరిచి చెప్పావు."

"అయితే విడదీసి మళ్ళీ అడుగుతా!"

"ఔనన్న మాట మళ్ళీ అడిగితే తాతకి కోపమొస్తుంది. ఆ కండువా వేసుకున్నవాడివి, నేను చెప్పాలా?"

హియోంగ్ కండువా వైపు చూసుకున్నాడు. ఆ ఏడంతా అంత బరువుగా అది ఎప్పుడూ అనిపించి ఉండదు. "అరటిపళ్ళు అక్కడ పెట్టు అక్కా," అని మాత్రం అన్నాడు.

మధ్యాహ్నం ఫువాన్ వచ్చి, ముందు అక్క ఫొటోలన్నీ వేరే డిస్కులోకి దించి భద్రపరిచింది. పాతది చెరిపి పుదీనా ఎక్కించింది. అడిగినవాటికల్లా అక్కే మౌసు నొక్కింది. తర్వాత డ్రైవర్ల పేజీ తెరిస్తే, కార్డుకి సరిపోయేది ఇదీ అని పుదీనాయే చూపించింది. యంత్రాలు మొరాయించకుండా మా దగ్గర అందరూ చేసేట్టే, కంప్యూటరు పెట్టె మీద, బుద్ధిగా ఉండమని అర్థం వచ్చే పేరున్న మొక్కజొన్న చిరుతిండి ఆకుపచ్చ పొట్లం పెట్టారు. ఈ ఒక్క విషయంలో మాస్టారికి కూడా అభ్యంతరం లేదు. కాలపరిమితి తేదీ దాటలేదని మాత్రం కళ్ళజోడు పెట్టుకుని నిర్ధారించుకున్నారు.

ఆట తెరిస్తే తెరుచుకోలేదు. అక్క ముఖం మాడిపోయింది.

"తాత ఔనన్నాడే!"

"తాత ఔనన్నాడు పిన్నీ, మనం దుబాసీని పిలవడం మర్చిపోయాం," అని ఫువాన్ గడిలో టిక్కు పెట్టించింది. కోట ప్రత్యక్షమైంది, మేఘాలతో సహా. సందంతా చప్పట్లు కొట్టింది. అంతలో ఇంకో చిక్కు బయటపడింది. అక్క ఏం టైపు చేసినా ఇంగ్లీషు అక్షరాలే పడుతున్నాయి. సైన్యానికి ఆజ్ఞలివ్వలేని నాయకురాలు ఉండి ఏం ప్రయోజనం? ఫువాన్ సెట్టింగుల్లో మా లిపిని చేర్పించి, ఒకసారి బయటికి వచ్చి మళ్ళీ లోపలికి వెళ్ళమంది. ఈసారి అక్షరాలు పడ్డాయి. అక్క మొదటగా టైపు చేసింది తన పేరు. ముద్రలో లాగా తిరగబడి లేదు గనక, చదువుకోవడానికి ఆమెకి కాస్త సమయం పట్టింది.

పదహారో నాటి సాయంత్రం, నైవేద్యాలు ఎత్తేసి అందరూ కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. అక్క లోపలికి రాగానే సంఘమంతా ఒక్కసారి ‘అక్క వచ్చింది’ అని రాసింది. హియోంగ్ కూడా రాశాడు, చివర్న ఆశ్చర్యార్థకం లేకుండా.

యుద్ధం మొదలైంది. చాలాసేపు పద్ధతిగానే సాగింది. అక్క గాయాలకి మందు వేస్తోంది, హియోంగ్ మెరుపులా కత్తి తిప్పుతున్నాడు. చివరి రాక్షసుడికి ఊపిరి పిసరంత మిగిలింది. వాడు నోరు తెరిచాడు. డాలు ఎత్తాల్సిన వేళ. బూన్ అన్న బొమ్మ కదలకుండా నిలబడి ఉంది.

సంఘం మొత్తం ఒకే గుక్కలో పోయింది.

‘అన్నా!’ అని రాశాడు హియోంగ్. ‘ఎక్కడున్నావు అన్నా!’

కాసేపటికి ఫెంగ్‌హూ నుంచి జవాబు వచ్చింది. బూన్ అన్న ఒక్కో అక్షరమే వెతుక్కుని టైపు చేస్తాడు. ‘పొయ్యి మీద చేపల పులుసు పొంగింది. దించడానికి వెళ్ళాను. తప్పు నాదే.’

మళ్ళీ ఆయనే రాశాడు. ‘చాలాకాలంగా అనుకుంటున్నాను. మీకు భారమవుతున్నాను. నేనే వెళ్ళిపోతాను.’

తాత సమ్మతిలోగాని, మాస్టారి తర్కంలోగాని దీనికి దారి లేదు. వెళ్ళగొట్టకుండా చూస్తానని అక్క మొక్కింది. తనంతట తను పోతానంటే? వెనకగదిలో ఆమె చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి.

అక్క రాసింది: ‘నాయకురాలు ఒప్పుకోకుండా ఎవరూ పోవడానికి వీల్లేదు. నేను ఒప్పుకోను. కానీ ఇది నా ఒక్కదాని ఇల్లు కాదు. బూన్ అన్న ఉండాలో వద్దో పేరుపేరునా చెప్పండి.’

‘ఉండాలి,’ అంది పళ్ళ కొట్టు. ‘ఉండాలి,’ అంది మందుల షాపు. ‘ఉండక ఎక్కడికి పోతాడు,’ అన్నాడు దర్జీ. బజారంతా వరసగా పలికింది. ఒక్క హియోంగ్ పేరు పక్కన మాత్రం ఖాళీ.

అతని పేరు కింద చుక్కలు కదిలాయి, ఏదో టైపు చేస్తున్నట్టు. ఆగిపోయాయి. మళ్ళీ కదిలాయి. బజారు మొత్తంలో అందరికన్నా వేగంగా టైపు చేసేవాడు అతనే. ఆ సాయంత్రం బూన్ అన్నకన్నా ఎక్కువసేపు తీసుకున్నాడు. అక్క తెరకి ముక్కు ఆనించి చూస్తోంది.

చివరికి హియోంగ్ జవాబు పడింది.

‘ఉండనీ. వచ్చేసారి పొయ్యి కట్టేసి కూర్చోమను.’